తాతయ్య ట్రంకు పెట్టెలో పాత పాటల పుస్తకాలు – లామినేషన్ చేయించవచ్చా?

కొల్లిపర కుర్రాడు – శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా తాతయ్య పోయి ఏడాదయింది. పోయిన వారం ఇంటికి సున్నాలు వేయిద్దామని అటక ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకు పెట్టె బయటపడింది. తాళం ఎంత తుప్పు పట్టిందంటే చేత్తో లాగితే ఊడొచ్చింది. లోపల పాత పంచెలో మూటగట్టిన సినిమా పాటల పుస్తకాలు. విడివి 143 ఉన్నాయి. బైండింగ్ చేయించిన కట్టలు ఇంకో రెండు. అడుగున బుర్రకథ, హరికథ చిన్న పుస్తకాలు, పాటలు అచ్చేసిన ఒంటి కాగితాలు కొన్ని.

తాతయ్య తెనాలి వెళ్లి సినిమా చూసినప్పుడల్లా హాల్లో పాటల పుస్తకం కొనేవాడట. వెనక అట్ట మీద పెన్సిల్‌తో ఒక ముక్క రాసుకునేవాడు. ఒకదాని మీద "ఇంటావిడతో. బెంచీ. బాగా వాన" అని ఉంది. అది చదివి మా నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

పట్టుకుంటే అంచులు పొడి రాలుతున్నాయి. జిరాక్స్ షాపులో అడిగితే లామినేషన్ చేయించెయ్యమన్నారు. చేయించవచ్చా? పాడు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

కాగితం డాక్టరు – శనివారం, రాత్రి 9:34

వద్దండీ. దయచేసి ఒక్క పేజీ కూడా చేయించకండి. నేను గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే పనిలో ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవాటిలో మేం ఏమీ చేయలేక చేతులెత్తేసేవి లామినేషన్ చేసినవే.

పాటల పుస్తకాలు వేసింది న్యూస్‌ప్రింట్ మీద. అది చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో అలాగే ఉంటుంది. గాలి, వెలుతురు తగిలే కొద్దీ అందులో ఆమ్లం పుట్టి కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుంది. పసుపు రంగు రావడం, మడత దగ్గర విరగడం అందుకే. లామినేషన్ చేస్తే ఆ ఆమ్లం లోపలే బందీ అవుతుంది. పైగా వేడికి కరిగిన జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది, మళ్లీ తీయడం ఎవరి తరమూ కాదు. సెల్లో టేపు కూడా అంతే. అయిదారేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం ఉండిపోతుంది.

ముందు ఒక్క పని చెయ్యండి. పెట్టెలోంచి తీసిన వరుసలోనే ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. తుడవడం, సర్దడం ఆ తర్వాత. పెన్సిల్ రాతల జోలికి అసలు వెళ్లకండి.

నేల టికెట్టు – శనివారం, రాత్రి 10:05

బాబూ, నీ పోస్టు చదివి నిద్రపట్టలేదు, అందుకే లేచి రాస్తున్నాను. నలభై ఏళ్లుగా ఇవే పోగుచేస్తున్నాను. విజయవాడ పాత పుస్తకాల షాపులు, రాజమండ్రి, చిత్తు కాగితాల కొట్లు, ఎక్కడ దొరికితే అక్కడ. ఇంటర్వెల్‌లో కుర్రాళ్లు చంకలో కట్ట పెట్టుకుని "పాటల పుస్తకం, పాటల పుస్తకం" అని వరుసల మధ్య తిరిగేవాళ్లు. నా చిన్నతనంలో నేనూ ఒక వేసవి సెలవుల్లో అమ్మాను.

ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. ఎనిమిది పేజీలో, పదహారు పేజీలో ఉంటుంది. ముందు నటీనటులు, సాంకేతిక నిపుణులు. తర్వాత కథ, సగం దాకా చెప్పి "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేస్తారు. ఆ తర్వాత పాటలు. వెనక అట్ట మీద ప్రకటన. రేడియో అందరిళ్లలో లేని రోజుల్లో పాట ఇంటికి వచ్చింది ఈ పుస్తకంలోనే. మా అమ్మ చదువుకున్నది రెండో తరగతి. ఆవిడ చదవడం మర్చిపోకుండా ఉన్నది పాటల పుస్తకాల వల్లే.

విలువ ఎంత అని అడుగుతారు చాలామంది. రూపాయల సంగతి పక్కన పెట్టు. మన తొలి టాకీల్లో చాలావాటికి ఫిల్మే మిగల్లేదు. వాటి కథ, పాటలు ఇవాళ మనకు తెలిశాయంటే ఎవరో ఒకరు పాటల పుస్తకం పారేయకుండా దాచబట్టే. సినిమాలోంచి కోసేసిన పాటలు కూడా ఒక్కోసారి పుస్తకంలో ఉంటాయి, ఎందుకంటే పుస్తకం ముందే అచ్చయిపోయేది.

ఖమ్మం మెట్టు – ఆదివారం, ఉదయం 7:20

నేల టికెట్టు గారి మాటకు మా జిల్లా నుంచే ఒక ఉదాహరణ. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు పాటలు రాసిన చందాల కేశవదాసు గారిది మా ఖమ్మం జిల్లా జక్కేపల్లి. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు. విడుదల 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాల పాటు అందరం రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తిరగేసి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆ కాగితాలు లేకపోతే తప్పు తేదీనే ఇప్పటికీ చదువుకుంటూ ఉండేవాళ్లం.

మీ 143లో 1940కి ముందువి ఏమైనా ఉన్నాయా?

కొల్లిపర కుర్రాడు – ఆదివారం, ఉదయం 8:45

అందరికీ కృతజ్ఞతలు. లామినేషన్ ఆలోచన మానేశాను. ఫోటోలు తీస్తున్నాను. ఖమ్మం మెట్టు గారూ, చాలావాటి మీద సంవత్సరమే వేయలేదు. ఎలా కనుక్కోవాలి? సినిమా పేరును బట్టి వెతికితే ఏడాది తెలుస్తుంది, కానీ బుర్రకథలకూ ఒంటి కాగితాలకూ అదీ కుదరదు.

నేల టికెట్టు – ఆదివారం, ఉదయం 9:30

వెల చూడు. అణాల్లో ఉంటే పాతది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అప్పట్నుంచి 1964 దాకా "నయా పైసలు" అనేవారు. 1964 జూన్ నుంచి "నయా" పోయి ఉత్త పైసలు అయ్యాయి. కాబట్టి "15 న.పై." అని ఉంటే ఆ ఏడేళ్ల మధ్యది. తర్వాత అచ్చాపీసు చిరునామా చూడు. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతదే. "మద్రాసు-17" లాంటి చిన్న అంకె ఉంటే సాధారణంగా అంతకు ముందుది.

ఇంకోటి. సినిమా ఏడాదీ పుస్తకం ఏడాదీ ఒకటే అనుకోకు. బాగా ఆడిన సినిమా రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు పుస్తకం మళ్లీ వేసేవారు. 'మాయాబజార్' 1957 మార్చి 27న వచ్చింది, అంటే నయా పైసలకు సరిగ్గా అయిదు రోజుల ముందు. దాని పాటల పుస్తకం మీద వెల నయా పైసల్లో ఉంటే అది మొదటి రోజు హాల్లో అమ్మింది కాకపోవచ్చు.

ఖమ్మం మెట్టు – ఆదివారం, ఉదయం 9:52

చిన్న సవరణ అండీ. ఏప్రిల్ 1 తర్వాత కూడా కొన్నేళ్లు అణాలు చెలామణిలోనే ఉన్నాయి. కాబట్టి "నయా పైసలు" అని ఉంటే 1957కు ముందుది కాదని గట్టిగా చెప్పగలం గానీ, అణాలు ఉన్నంత మాత్రాన ముందుదేనని చెప్పలేం.

మా తెలంగాణ వైపు ఇంకో గుర్తు ఉంది. హైదరాబాదు సంస్థానంలో అచ్చయినవాటి మీద వెల హాలీ సిక్కాలో, అంటే నిజాం రూపాయల్లో ఉండొచ్చు. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. ఇంగ్లీషు రూపాయిని కల్దారు అనేవాళ్లు. "హాలీ", "కల్దారు" అని రెండు వెలలు కనబడితే ఆ పుస్తకం సరిహద్దుకు రెండు వైపులా అమ్మారని అర్థం. అలాంటిది దొరికితే కళ్లకద్దుకోండి.

నేల టికెట్టు – ఆదివారం, ఉదయం 10:01

నిజమే, అణాల విషయంలో మీ మాటే సరి. తొందరపడ్డాను.

కాగితం డాక్టరు – ఆదివారం, మధ్యాహ్నం 12:15

సంవత్సరం లేకపోయినా అచ్చాపీసు పేరు ఉంటుంది చూడండి, ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో. 1867 నాటి ప్రెస్సు చట్టం ప్రకారం అచ్చేసిన ప్రతిదాని మీదా ముద్రాపకుడి పేరు, ఊరు వేయాల్సి ఉండేది. ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది కూడా. మద్రాసు ప్రెసిడెన్సీలో అలా వచ్చినవాటి జాబితాలు మూడు నెలలకోసారి ప్రకటించేవారు. పేరు, ఊరు, వెల, ఎన్ని ప్రతులు వేశారు అన్నీ ఉంటాయి. అణా పుస్తకాలు కూడా వాటిలో ఎక్కాయి. పుస్తకం పోయినా జాబితాలో పేరు మిగిలినవి ఎన్నో.

ఇక నిలవ గురించి. తుప్పు పట్టిన పిన్నులు లాగకండి, కాగితం చిరుగుతుంది. పిన్ను వంగిన కాళ్లు సన్నటి చాకుతో మెల్లగా నిలబెట్టి, రెండో వైపు నుంచి తీయాలి. తీశాక అదే కన్నాల్లోంచి తెల్ల నూలు దారంతో కుట్టొచ్చు. పురుగు ఉందనిపిస్తే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా మూసి, ఇంట్లో డీప్ ఫ్రీజర్ బాగా చల్లగా ఉంటే రెండు వారాలు అందులో పెట్టండి. బయటకు తీశాక కవరు వెంటనే విప్పకండి. ఒక రోజు అలాగే ఉంచి, మామూలు వేడికి వచ్చాక విప్పాలి, లేకపోతే కాగితానికి చెమ్మ పడుతుంది. తర్వాత ఒక్కో పుస్తకాన్నీ ఆమ్లం లేని కాగితంతో చేసిన కవర్లో పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టండి. పీవీసీ కవర్లు వద్దు, అచ్చు సిరా వాటికి అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లయితే మంచివే.

కలరా ఉండలు కాగితానికి తగిలేలా వేయకండి. మన పెద్దవాళ్లు వసకొమ్ము, వేపాకు పెట్టేవారు, అది గుడ్డలో కట్టి పెట్టెలో ఒక మూల పెడితే తప్పులేదు. ఎండు ఆకు పుస్తకం మధ్యలో పెడితే మాత్రం మరక పడుతుంది. ఎండలో పెట్టడం అసలే వద్దు.

దివిసీమ 77 – ఆదివారం, మధ్యాహ్నం 2:40

అట్టపెట్టె నేల మీద పెట్టకండి. ఎంత చిన్న ఇల్లయినా సరే, నడుము ఎత్తుకు పైన పెట్టండి.

మా నాన్న దగ్గర మీ తాతయ్య దగ్గరున్నన్ని ఉండేవి. 1977 నవంబరు 19 ఉప్పెనకు నాకు పదకొండేళ్లు. మనుషులం మిగిలాం, అది చాలు అనుకున్నాం అప్పుడు. నెల తర్వాత నాన్న బురదలోంచి పెట్టె తవ్వి తీశారు. లోపల అంతా ఒకటే ముద్ద. దాన్ని ఆరబెడితే ఇటుకలా గట్టిపడింది. నాన్న పారేయలేదు. ఆ ఇటుక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఇంకో మాట. ఫోటోలు తీస్తున్నారు కదా, వాటి కాపీ ఇంకో ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంచండి. ఒకే ఇంట్లో రెండు కాపీలు ఉంటే నీళ్లు రెండింటినీ తీసుకుపోతాయి.

డల్లాస్ తెలుగు – ఆదివారం, సాయంత్రం 6:05

దివిసీమ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

కుర్రాడు గారూ, స్కాన్ చేసే పని నేను పంచుకోగలను. ఫోన్ ఫోటోలు గుర్తు కోసం సరిపోతాయి, నిలవకు చాలవు. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), అక్షరాలు చిన్నగా ఉంటే 600, రంగుల్లో తీసి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. నలుపు తెలుపులో వద్దు, ఎందుకంటే పెన్సిల్ రాత మాయమవుతుంది. అంచులు కత్తిరించకుండా పేజీ చుట్టూ కొంచెం ఖాళీ కనబడేలా తీయండి. ప్రకటనల పేజీలు కూడా వదలకండి. నేను వాటినుంచే ఎక్కువ నేర్చుకున్నాను: ఏ ఊళ్లో ఏ దుకాణం ఉండేది, సబ్బు ఎంత, తలనొప్పి మందు ఎంత. స్కాన్లు పంపితే పాటలు టైపు చేసి వెతకడానికి వీలుగా పెడతాను. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు, అచ్చు తప్పులు అలాగే ఉంచి, సరిచేసింది పక్కన వేస్తాను.

కొల్లిపర కుర్రాడు – ఆదివారం, రాత్రి 8:30

పంపుతాను, తప్పకుండా. రెండు బైండింగ్ కట్టల సంగతి ఏం చేయాలి? బైండరు అంచులు కోసేశాడు, కొన్నిటికి అట్టలు తీసేశాడు. విప్పి విడివిడిగా పెట్టనా? విప్పితే స్కాన్ తేలిక.

కాగితం డాక్టరు – ఆదివారం, రాత్రి 8:50

కుట్టు వదులైపోయి ఉంటే విప్పడమే మంచిది. గట్టి బైండింగును బలవంతంగా తెరిస్తే న్యూస్‌ప్రింట్ నడుమ దగ్గర విరుగుతుంది.

నేల టికెట్టు – ఆదివారం, రాత్రి 9:25

ఈ ఒక్క విషయంలో డాక్టరు గారితో ఒప్పుకోలేను. 1990ల్లో గుంటూరులో ఒక కట్ట కొన్నాను. నలభై పుస్తకాలు. విప్పి, సంవత్సరాల వారీగా నా కట్టల్లో కలిపేశాను. చాలా చక్కగా సర్దానని సంతోషపడ్డాను. పదేళ్ల తర్వాత ఆ పుస్తకాలు ఇచ్చినాయన కూతురు వెతుక్కుంటూ వచ్చింది. నాన్న చూసిన వరుసలో కుట్టించుకున్నారండీ, పెళ్లికి ముందువి ఒక పక్క, తర్వాతవి ఒక పక్క, మధ్యలో ఒక రంగు కాగితం ఉండాలి అంది. ఆ రంగు కాగితం నాకు గుర్తుంది. పారేశాను. ఏది ఎవరి కట్టలోదో కూడా చెప్పలేకపోయాను ఆ పిల్లకి.

పాటల పుస్తకం ఇంకో చోట దొరకవచ్చు. మీ తాతయ్య కూర్చిన వరుస ఇంకెక్కడా దొరకదు. విప్పకు.

కాగితం డాక్టరు – ఆదివారం, రాత్రి 9:58

మీరు చెప్పింది విన్నాక నా సలహా మార్చుకుంటున్నాను. కట్టలు విప్పొద్దు. 90 డిగ్రీల కన్నా ఎక్కువ తెరవకుండా కింద దిండు పెట్టి, పైనుంచి కెమెరాతో తీయండి. స్కానర్ అద్దం మీద బోర్లా నొక్కకండి.

హక్కుల లెక్క – సోమవారం, ఉదయం 10:15

ఒక జాగ్రత్త. స్కాన్ చేసి దాచుకోవడం వేరు, పుస్తకం మొత్తం నెట్‌లో పెట్టడం వేరు. మన చట్టంలో రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క. కేశవదాసు గారు 1956లో పోయారు కాబట్టి ఆయన పాటలకు 2016తో గడువు తీరింది. 'మాయాబజార్' పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో, అంటే 2031 చివరి దాకా హక్కు ఉంటుంది. అది నిర్మాత చేతిలో ఉందా, కంపెనీ చేతిలో ఉందా అన్నది వేరే ప్రశ్న. ఎవరి పేరూ లేకుండా అచ్చయినవాటికి ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు.

కాబట్టి అన్నిటి జాబితా, అట్టల చిన్న బొమ్మలు ముందు పెట్టండి. గడువు తీరినవి పూర్తిగా పెట్టండి. మిగతావి దాచి ఉంచండి, వాటి రోజు వాటికి వస్తుంది.

కొల్లిపర కుర్రాడు – సోమవారం, రాత్రి 9:40

పేరు లేనివి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఒంటి కాగితాల్లో ఒకటి నన్ను వదలడం లేదు. ముదురు గోధుమ రంగు కాగితం, ఒకవైపే అచ్చు. పైన "నూలు పాట" అని ఉంది. రాసినవాళ్ల పేరు లేదు. అర్ధణా. అచ్చాపీసు పేరు సగం చెదలు తినేసింది, "చీరాల" ఒక్కటే కనబడుతోంది. కింది మూడో వంతు లేదు. ఉన్నంత వరకు మొదటి చరణం:

కంట్రోలు నూలంట, కార్డుల్లొ నూలంట
చిలప కోసం పోతె చీటి చూపాలంట
తెల్లదొర గోదాము తెరిచేది ఎపుడంట
గుంటమగ్గం కాడ గుబులె మిగిలేనంట

మా తాతయ్య వ్యవసాయం చేశారు, నేతపనితో సంబంధం లేదు. ఇది ఆయన దగ్గరికి ఎలా వచ్చిందో తెలియదు.

ఖమ్మం మెట్టు – సోమవారం, రాత్రి 10:10

చాలా విలువైన కాగితం అండీ ఇది. "కంట్రోలు నూలు" అన్న మాటే తేదీ చెబుతోంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో 1943లో నూలు, బట్టల కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. "చిలప" అంటే నూలు చుట్ట. "తెల్లదొర" అంటున్నాడు కాబట్టి 1947 ఆగస్టుకు ముందు అనుకోవచ్చు. నాలుగేళ్ల మధ్యకు వచ్చేశాం.

ఇలాంటివి మిగలవు. పుస్తకమైతే అలమరలో పెడతారు, ఒంటి కాగితంలో పప్పు పొట్లం కడతారు. తెల్లదొరలు నిషేధించిన పాటల కాగితాలు కొన్ని లండన్‌లోనూ ఢిల్లీలోనూ ప్రభుత్వ ఫైళ్లలో ఉండి బతికాయి. నిషేధించనివి మాత్రం ఇలా అటకల మీద దొరకాల్సిందే.

నేల టికెట్టు – సోమవారం, రాత్రి 10:22

తిరునాళ్లలో, సంతల్లో, రైళ్లలో పాడుతూ అమ్మేవాళ్లు ఇలాంటివి. పాడేవాడి గొంతు బాగుంటే కాగితం అమ్ముడుపోయేది. మీ తాతయ్య రైల్లో కొని ఉంటారు. తెనాలి, చీరాల ఒకే రైలు దారి కదా. వేటపాలెం సారస్వత నికేతనంలో ఒకసారి అడిగి చూడు. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, చీరాల పక్కనే.

చీరాల పడుగు – మంగళవారం, ఉదయం 6:35

ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. రాత్రి ఈ నాలుగు లైన్లు మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు ఎనభై నాలుగు. మాది నేత కుటుంబం, మొన్నమొన్నటి దాకా ఇంట్లో గుంటమగ్గం, అంటే గుంటలో కాళ్లు పెట్టి నేసే మగ్గం ఉండేది. మొదటి లైను పూర్తికాకుండానే అమ్మ అందుకుంది. చదివినట్టు కాదు, నాడె (మగ్గంలో అటూ ఇటూ దారం తీసుకెళ్లేది) కొట్టే లయలో పాడింది. అమ్మ వాళ్ల నాన్న నేస్తూ పాడేవాడట. కాగితం సంగతి ఆవిడకు తెలియదు, పాటే తెలుసు. మీరు ఇచ్చిన చరణం తర్వాత రెండు చరణాలు మర్చిపోయానంది. ఆఖరు మాత్రం గుర్తుంది:

పడుగుపేకల లాగ కలిసి రండన్నంట
పట్నాన సభ కాడ అడుగుదామన్నంట

"తెల్లదొర గోదాము" దగ్గర అమ్మ "నల్లదొర గోదాము" అని పాడింది. నేను సరిచేయబోతే, మా నాన్న అలాగే పాడాడు అంది.

ఖమ్మం మెట్టు – మంగళవారం, ఉదయం 7:10

అమ్మగారిని సరిచేయకండి అండీ, ఆవిడ పాడినట్టే రికార్డు చేయండి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నూలు దొరక్క పాట మారి ఉంటుంది. అచ్చయిన మాట ఒకటి, నోట్లో బతికిన మాట ఒకటి. రెండూ కావాలి. రెండింటినీ కలిపి ఒకటే పాఠం చేసేస్తే రెండూ పోతాయి.

కాగితం డాక్టరు – మంగళవారం, ఉదయం 8:00

కుర్రాడు గారూ, ఆ ఆఖరి రెండు లైన్లు కాగితం మీద రాయకండి. వేరే కాగితం మీద పెన్సిల్‌తో, ఎవరు పాడారు, ఏ తేదీ, ఏ ఊరు అని రాసి అదే కవర్లో వెనక పెట్టండి. చెదలు తిన్న చోట అతికించాలంటే జపాన్ టిష్యూ అనే పలచటి గట్టి కాగితం, మిథైల్ సెల్యులోజ్ జిగురు వాడాలి. మైదా జిగురు మళ్లీ పురుగును పిలుస్తుంది. ఆ ఒక్కదానికీ మీరు చేయి పెట్టకండి, నేను చేసి ఇస్తాను. పోస్టులో మాత్రం పంపకండి.

కొల్లిపర కుర్రాడు – మంగళవారం, రాత్రి 9:15

పోస్టులో పంపను. చీరాల పడుగు గారూ, ఆదివారం మీ ఊరు రావచ్చా? కాగితం రెండు అట్టల మధ్య పెట్టి తెస్తాను. అమ్మగారు పాడుతుంటే రికార్డు చేసుకోవాలని ఉంది. మా నాయనమ్మ కూడా వస్తానంటోంది.

చీరాల పడుగు – మంగళవారం, రాత్రి 9:32

తప్పకుండా రండి. నాయనమ్మగారిని తీసుకుని పొద్దున్నే రండి, అమ్మకు మధ్యాహ్నం దాటితే గొంతు పట్టేస్తుంది. అమ్మ ఒకటే అడిగింది, ఆ కాగితం మీద అక్షరాలు పెద్దవా చిన్నవా అని. కళ్లజోడు మార్పించుకుంటానంటోంది.